పక్కింటి కిటికీలోకి జావా తొంగిచూపు

మీ విండో వెడల్పెంత అని జావాని అడగండి, టక్కున చెబుతుంది. పక్కన తెరిచి ఉన్న నోట్‌పాడ్ టైటిలేంటి అని అడగండి, నోరు విప్పదు! విండోస్‌లో సీ ప్రోగ్రాముకి ఇది రెండు లైన్ల పని. గెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో అని పిలిస్తే హెచ్‌విండ్ అనే హ్యాండిల్ వస్తుంది, దాన్ని గెట్‌విండోటెక్స్ట్‌కి ఇస్తే పేరొస్తుంది. మరి జావాకెందుకు చేతకాదు? దీని వెనక పెద్ద కథే ఉంది, కోర్టు కేసుతో సహా.

1996 జనవరిలో జావా 1.0 వచ్చింది. సన్ కంపెనీ ఇచ్చిన మాట "ఒకసారి రాయి, ఎక్కడైనా నడుపు". హెచ్‌విండ్ అనేది విండోస్ ఇంటి సంగతి, యూనిక్స్‌లో దానికి అర్థం లేదు. అందుకే ఏడబ్ల్యూటీలో ప్రతి బటన్ వెనకా "పియర్" పేరుతో అసలు ఓఎస్ బటనే ఉన్నా, దాని హ్యాండిల్‌ని మాత్రం మనకివ్వలేదు.

1997లో జేడీకే 1.1తో జేఎన్‌ఐ అనే దొడ్డిదారి తెరిచారు. కాకపోతే సీ కోడ్ రాయాలి, ఒక్కో ఓఎస్‌కీ విడిగా కంపైల్ చేయాలి. సీ బాధ తప్పుతుందనే కదా అందరూ జావాకొచ్చింది :)

మైక్రోసాఫ్ట్ ఇంకో దారి చూపించింది, జే/డైరెక్ట్ అని. మెథడ్ మీద కామెంట్‌లో డీఎల్‌ఎల్ పేరు రాస్తే చాలు, నేరుగా పిలిచేయొచ్చు. చాలా సులువు. చిక్కల్లా, అలా రాసిన ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ మీదే నడుస్తుంది. పైగా అందులో జేఎన్‌ఐ లేదు. 1997 అక్టోబర్‌లో సన్ దావా వేసింది. 1998 నవంబర్‌లో జేఎన్‌ఐ పెట్టి తీరాలని కోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ 20 మిలియన్ డాలర్లు కట్టి రాజీ పడింది.

కేసు ముగిసింది గానీ అవసరం ముగియలేదు. 2001లోనే ఎక్లిప్స్‌తో వచ్చిన ఎస్‌డబ్ల్యూటీ, హ్యాండిల్‌ని పబ్లిక్ ఫీల్డ్‌గా బయటపెట్టేసింది. తర్వాతొచ్చిన జేఎన్‌ఏతో సీ రాయకుండానే యూజర్32ని పిలవడం కుదిరింది. చివరికి 2024 మార్చిలో జావా 22 ఈ సదుపాయాన్ని జావాలోనే భాగం చేసింది. జే/డైరెక్ట్ నాటి కోరిక తీరడానికి పాతికేళ్ళు దాటాయన్నమాట! చూడ్డానికి సన్ లేదు, 2010లోనే ఒరాకిల్ కొనేసింది.

అయితే మైక్రోసాఫ్టే రైటా? నా లెక్కలో సగమే. ప్రోగ్రామర్ అవసరాన్ని అది సరిగ్గానే పట్టుకుంది. కానీ తలుపు తీసి, తాళంచెవి తన జేబులో వేసుకుంది. జేఎన్‌ఏ, జావా 22లు ఏ ఒక్క ఓఎస్‌కీ కట్టుబడలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో మాట. విండో టైటిల్ చిన్న విషయమేం కాదు, మీరు ఏ బ్యాంకు పేజీ తెరిచారో, ఎవరికి మెయిల్ రాస్తున్నారో అందులోనే తెలిసిపోతుంది. లినక్స్‌లో వేలాండ్ మూల ప్రోటోకాల్, పక్క అప్లికేషన్ విండోల వివరాలు సీ ప్రోగ్రాముకి కూడా ఇవ్వదు. జావా 22 కూడా నేటివ్ కోడ్‌కి ముందే అనుమతివ్వకపోతే హెచ్చరిస్తుంది. ఒకప్పుడు జావాకి లోపమనుకున్నదాన్ని ఇప్పుడు ఓఎస్‌లే పద్ధతిగా పెట్టుకుంటున్నాయి. తొంగిచూడటం చేతనవ్వాలి, నిజమే. ఇంటివాళ్ళని అడిగి చూడటం ఇంకా మంచిది.