చికాగో: బురదనేలపై నిలిచిన నగరము

నగరములకు పేరు పెట్టునపుడు పెద్దలు దేవుని పేరో, రాజు పేరో తలచుట వాడుక. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చికాగో నగరమునకు మాత్రము ఒక అడవి ఉల్లి జాతి మొక్క వలన పేరు వచ్చినది. మిచిగన్ సరస్సు నైరృతి మూలను, ఆ సరస్సున కలియు ఒక చిన్న యేటి గట్లపై ఘాటైన వాసనగల ఆ మొక్క విరివిగా పెరుగుచుండెడిది. అక్కడి ఆదివాసులు ఆ తావును మొక్క పేరుతోనే పిలిచిరి. ఫ్రెంచివారు తమ నోటికి వచ్చినట్లు పలికి పటములపై వ్రాసుకొనిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర ఆ యేటి యొడ్డున ఇల్లు కట్టి, వర్తకము సాగించి, స్థిరముగా నివసించిన మొదటి పరాయివాడు జాఁ బాప్తీస్త్ దు సాబ్ల్. ఈతడు నల్లజాతివాడు, ఆతని భార్య పోటవాటమీ తెగ స్త్రీ. ఈ సంగతిని శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. మరల దీనితో పని పడును.

నిజమునకు అది నగరము పుట్టదగిన చోటు కాదు. నేల చదును. సరస్సు మట్టమునకు కొద్ది అడుగులు మాత్రమే ఎత్తు. క్రింద మెత్తని బంకమన్ను. వానలు కురిసినచో బండ్లు ఇరుసుల దాక దిగబడుచుండెడివి. అయినను వర్తకుల కన్ను దానిపై పడుటకు కారణము కలదు. తూర్పున నున్న సరస్సుల గొలుసు వెంట సరకు అట్లాంటిక్ దెసకు పోగలదు. పడమట కొద్ది మైళ్ళ దూరమున మిసిసిపీ నదిని చేరు ఏరులు కలవు. వాని వెంట దక్షిణ సముద్రము వరకు పోగలదు. ఈ రెండు జలమార్గముల నడుమ నున్నది ఒక చిన్న మిట్ట మాత్రమే. 1833 లో పోటవాటమీలు మున్నగు తెగలవారిచేత ఒడంబడిక వ్రాయించుకొని, వారిని మిసిసిపీకి ఆవల దెసకు పంపివేసిరి. అప్పటికి ఊరి జనము కొన్ని వందలు. 1848 లో ఆ మిట్టను త్రవ్వి 96 మైళ్ళ కాలువ పూర్తిచేసిరి. ఆ యేడే మొదటి రైలుబండి కదలెను; ఆ యేడే తంతి వచ్చెను; ఆ యేడే ధాన్యవర్తకులు ‘బోర్డ్ ఆఫ్ ట్రేడ్’ అను సంఘమును స్థాపించిరి. 1850 లో ముప్పదివేలున్న జనాభా 1870 నాటికి మూడు లక్షలకును, 1890 నాటికి పదునొకండు లక్షలకును పెరిగినది.

ఈ సంపద అంతయు ఎట్లు వచ్చినది? గోధుమగింజను అడిగిన చెప్పగలదు.

పూర్వము ఆ ప్రాంతపు రైతు గోధుమలను బస్తాలకెత్తి పంపుచుండెను. బస్తాపై ఆతని గుర్తు ఉండెడిది. దూరపు పట్టణమున అమ్ముడుపోవువరకు అది ఆతని సొత్తే. దారిలో తడిసినను ఆతని నష్టమే. రైళ్ళు వచ్చిన పిదప ధాన్యము వరదవలె వచ్చి పడసాగెను. దానిని నిలువచేయుటకు ఏటి యొడ్డున బ్రహ్మాండమైన గాదెలను కట్టిరి. ఆవిరియంత్రముతో తిరుగు పట్టీకి గిన్నెలు కట్టి, గింజలను పైకి తోడి గాదెలలో పోయుదురు. వానికి ‘ఎలివేటర్లు’ అని పేరు. కాని ఒక్కొక్క రైతు గోధుమకు ఒక్కొక్క అర కేటాయించుట ఎట్లు? 1856 లో బోర్డువారు గోధుమకు రకములు, తరగతులు నిర్ణయించిరి. ఒకే తరగతి గోధుమ ఎవరిదైనను ఒకే అరలో పోయుదురు. రైతు చేతికి రసీదు ఇత్తురు. రసీదు తెచ్చినవానికి అదే తరగతి గోధుమ అంతే తూకము దొరకును. ఆతడు పోసిన గింజలే దొరకవు. ఇక ఆ రసీదు నోటువలె చేతులు మారనారంభించెను. ఆ పిమ్మట ఇంకను రాని గోధుమకు, పొలములో నింకను పచ్చగానున్న గోధుమకు బేరములు మొదలయ్యెను. 1865 లో ఆ బేరములకు నియమావళి ఏర్పడెను. ఎన్నడును గోధుమను తాకనివాడొకడు, చూడని గోధుమను, ఎన్నడును తాకబోనివానికి అమ్మును! మన పెద్దలు దీనిని జూదమందురేమో. కాని నాలుగు నెలల తరువాతి ధరను నేడే నిశ్చయించుకొనుట వలన మిల్లువానికిని, వర్తకునికిని కొంత నిబ్బరము కలిగెననుటయు నిజమే.

రైతుకు కలిగిన మేలు మాత్రము అంత స్పష్టము కాదు. గాదెల యజమానులు కొద్దిమంది. వారు కూడబలుకుకొని అద్దె నిర్ణయింతురు. మేలు తరగతి గోధుమలో నాసిరకము కలిపెదరని కూడ అపవాదు కలదు. రైతుల గగ్గోలు విని 1871 లో ఇలినాయ్ రాష్ట్రము గాదె అద్దెకు గరిష్ఠ పరిమితి విధించినది. మన్, స్కాట్ అను చికాగో గాదెదారులు దానిని ధిక్కరించి సుప్రీంకోర్టు వరకు పోయిరి. ప్రజోపయోగమునకు ఒడ్డిన ఆస్తిపై ప్రజాప్రభుత్వమునకు అదుపు ఉండునని 1877 లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. అందు భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి ఫీల్డ్, గాదెదారుల పక్షము వహించుచు, రాజ్యాంగములోని ‘ప్రాణము’ అను మాటకు ఊపిరి పీల్చుట మాత్రమే అర్థము కాదని వ్యాఖ్యానించెను. ఆ వ్యాఖ్యను మన సుప్రీంకోర్టు 1962 లో ఖరక్ సింగ్ వ్యాజ్యమున ఉదహరించినది. అర్ధరాత్రి పోలీసులు ఇంటి తలుపు తట్టుటపై నడచిన వ్యాజ్యమది. చికాగో గోధుమ గాదెల తగవులో పుట్టిన మాట ఇంత దూరము ప్రయాణము చేసినది.

ఇక నగరపు నేల సంగతి. మురుగు పోవుటకు వాలు లేదు. కలరా పలుమారులు వచ్చినది. 1855 లో చెస్‌బ్రో అను ఇంజనీరు విచిత్రమైన ఉపాయము చెప్పెను. భూమిని త్రవ్వి మురుగు గొట్టములు వేయుటకు బదులు, భూమిపైననే వేసి, వానిపై మన్ను పోసి వీధుల నెత్తు చేయవలెనట. మరి ఇండ్ల మాటయో? ఇండ్లను కూడ లేపవలెను! లేపిరి. 1860 లో లేక్ స్ట్రీటులో 320 అడుగుల పొడవున నున్న అంగళ్ళ వరుసను, 600 మంది పనివారు 6,000 జాకీలను ఒక్క సైగతో త్రిప్పుచు, ఐదు దినములలో నాలుగు అడుగుల ఎనిమిది అంగుళములు లేపిరి. లోపల బేరములు సాగుచునే యుండెను. మరుసటి యేట ట్రెమాంట్ అను ఇటుకల హోటలును బస చేసినవారితో సహా లేపిరి. పిదప 1900 లో 28 మైళ్ళ క్రొత్త కాలువ త్రవ్వి, సరస్సులో కలియు చికాగో నదిని వెనుకకు త్రిప్పిరి. నగరపు మురుగు సరస్సులోని త్రాగునీటిలో కలియక మిసిసిపీ వైపు పోసాగెను. దిగువనున్న సెంట్ లూయీవారికి ఇది రుచించునా? వారి పక్షమున మిస్సోరీ రాష్ట్రము సుప్రీంకోర్టుకెక్కి 1906 లో ఓడినది.

1871 అక్టోబరు 8 వ తేది రాత్రి పుట్టిన అగ్ని రెండు దినములు మండి, ఇంచుమించు 17,000 కట్టడములను కాల్చినది. మూడువందలమంది మరణించిరి, లక్షమంది నిలువనీడ లేనివారైరి. ఓలియరీ అను ఐరిష్ పాలమ్మి ఆవు లాంతరును తన్నుటచేత నిప్పు పుట్టెనని కథ. ఆ కథ తాము కల్పించినదేయని ఒక పత్రికా విలేఖరి 1893 లో ఒప్పుకొనెను. అయినను పాపము, ఆ బీద యిల్లాలు జీవితాంతము నింద మోసినది. నగరసభవారు ఆమెను, ఆవును నిర్దోషులుగా ప్రకటించినది 1997 లో!

కాలిన నేలపై వెల పెరిగినది; వెల పెరిగిన నేలపై మేడలు పైకి పెరిగినవి. కాని ఎత్తుగా కట్టినకొలది క్రింది గోడ లావు కావలెను. 1891 లో పూర్తియైన మొనాడ్‌నాక్ భవనము పదునారు అంతస్తులు. దాని ఇటుకగోడలు అడుగున ఆరడుగుల మందము. ఆ బరువునకు అది క్రమముగా అడుగునకు మించి బంకమట్టిలోనికి దిగినది. అంతకు ముందే, 1885 లో, విలియం జెన్నీ అను శిల్పి హోమ్ ఇన్సూరెన్స్ భవనమున మరియొక దారి చూపెను. బరువును గోడ మోయదు. ఇనుము, ఉక్కు దూలములతో కట్టిన అస్థిపంజరము మోయును. గోడ చర్మము వంటిది. అందుచేత కిటికీలు విశాలమైనవి, వెలుతురు వచ్చినది. అదియే మొదటి ఆకాశహర్మ్యమా కాదా యని పండితులు నేటికిని వాదించుకొందురు. భవనమును మాత్రము 1931 లో పడగొట్టిరి. ఈ విద్య మన ఉపఖండమునకును చెందిన కథ. 1973 నాటికి నిలిచి, పాతిక సంవత్సరముల పాటు ప్రపంచమున మిక్కిలి ఎత్తైన కట్టడమనిపించుకొన్న సియర్స్ టవరు ఎత్తు 1,450 అడుగులు, అంతస్తులు 110. తొమ్మిది నిలువు గొట్టములను కట్టగట్టినట్లు దానిని ఊహించిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఆయన కలకత్తా చేరువనున్న శివపూరులో చదువు ఆరంభించి ఢాకాలో పట్టము పొందినవాడు. ఆ భవనమునకు 2009 లో విల్లిస్ టవరని పేరు మారినది.

1893 లో ఇక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగెను. ఆ సందర్భముననే సెప్టెంబరు 11 న సర్వమత మహాసభ ఆరంభమైనది. వివేకానందస్వామి ఆ యేడు ఫిబ్రవరిలో హైదరాబాదుకు వచ్చి, సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్యదేశ యాత్రోద్దేశమును గూర్చి ఉపన్యసించిన సంగతి మనవారిలో కొందరికి తెలిసినదే. మహాసభకు ముందు చిరునామా పోగొట్టుకొని, ఆయన చికాగో రైలు యార్డులో సరకుల పెట్టెలో ఒక రాత్రి గడపెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. తెల్లని గచ్చుపూతలతో, రోమను స్తంభములతో మెరసిన ఆ ప్రదర్శనను చూచి లక్షలాది జనము ముగ్ధులైరి. శిల్పి లూయీ సల్లివన్ మాత్రము, అది అమెరికా వాస్తువును అర్ధశతాబ్దము వెనుకకు త్రోసెనని ఆత్మకథలో విచారించెను. మరియొక విచారము అంతకంటె లోతైనది. దేశములోని నల్లజాతివారికి ఆ ప్రదర్శనలో తగు స్థానము లేకపోయెను. హైతీ దేశపు మంటపమున ప్రతినిధిగా కూర్చున్న ఫ్రెడరిక్ డగ్లస్, ఐదా వెల్స్ అను రచయిత్రి కలిసి, దీనిని నిలదీయుచు ఒక చిన్న పుస్తకమును పంచిరి.

మాంసపు కర్మాగారముల సంగతి వివరముగా వినుటకు మన శ్రోతలలో అనేకులకు మనసొప్పదు గనుక క్లుప్తముగా చెప్పెదను. 1865 లో తెరచిన పశువుల యార్డులు 1971 వరకు నడచినవి. అక్కడ మనిషి నిలుచున్నచోటనే నిలుచుండును. పని ఆతని ముందుకు కదలి వచ్చును. ఒక్కడు రోజంతయు ఒకే కోత కోయును. హెన్రీ ఫోర్డు మోటారుకార్ల కర్మాగారమునకు ఈ పద్ధతియే ప్రేరణమైనది. 1906 లో అప్టన్ సింక్లెయిర్ ఆ కూలీల బాధలపై నవల వ్రాయగా, చదువరులు కూలీలకంటె తమ భోజనమును గూర్చి ఎక్కువ కలతపడిరి. ఆ యేడే మాంసపు తనిఖీ చట్టము వచ్చినది. కూలీల బ్రతుకు మాత్రము వెంటనే మారలేదు. ఎనిమిది గంటల పనిదినము కొరకు 1886 మే నెలలో ఈ నగరమున జరిగిన ఆందోళనయు, హేమార్కెట్ సభలో ప్రేలిన బాంబును, అటుపై నలుగురిని ఉరితీయుటయు మే దినోత్సవ చరిత్రలో చేరినవి.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున పనివారి కొరత ఏర్పడగా, దక్షిణ రాష్ట్రముల ప్రత్తిపొలముల నుండి నల్లవారు రైలెక్కి రాసాగిరి. 1905 లో స్థాపితమైన ‘చికాగో డిఫెండర్’ పత్రికను రైలు పెట్టెలలో పనిచేయు నల్లజాతి పరిచారకులు దక్షిణమునకు మోసికొనిపోయి పంచుచుండిరి. 1910 లో నలుబదినాలుగు వేలుగా నున్న నల్లజాతి జనాభా 1930 నాటికి రెండు లక్షల ముప్పదినాలుగు వేలైనది. గోధుమగింజ చికాగోలో అడుగిడగానే తన పొలము పేరు మరచినది; ఎవరి గింజయో ఎవరును అడుగలేదు. మనిషికి ఆ నగరము అట్టి మరపును ఈయలేదు. 1919 జూలైలో సరస్సులో ఈదుచు, కంటికి కానరాని ఒక హద్దును దాటిన నల్లజాతి బాలుడు రాళ్ళ దెబ్బల నడుమ మునిగి మరణించెను. అటుపై చెలరేగిన అల్లరులలో 38 మంది చనిపోయిరి. నల్లవారికి ఇల్లు అమ్మరాదని దస్తావేజులలోనే షరతులు వ్రాసుకొనెడివారు. అట్టి షరతులను కోర్టులు అమలుపరుపరాదని 1948 లో తేలినను, గీసిన గీతలు చెరగలేదు. 1966 లో మార్టిన్ లూథర్ కింగ్ ఇండ్ల సమస్యపై ఊరేగింపు నడపగా, ఆయన తలకు ఇక్కడనే రాయి తగిలెను.

కళలన్నిటిని గూర్చి చెప్పుటకు సమయము చాలదు. రవీంద్రుని ఆంగ్ల గేతములను అమెరికాలో మొదట అచ్చువేసినది 1912 డిసెంబరు నాటి చికాగో ‘పొయిట్రీ’ పత్రికయని మాత్రము చెప్పి, ఇరుకు వాటాలలో పుట్టిన సంగీతమునకు వత్తును. మిసిసిపీ పొలములలో గిటారు మీటుచు పాడుకొన్న మడ్డీ వాటర్స్ 1943 లో ఈ నగరమునకు వచ్చెను. సారాయి అంగళ్ళ గోలలో ఆ వాద్యము వినబడదయ్యెను. ఆతడు విద్యుత్తుతో మ్రోగు గిటారు చేపట్టెను. పల్లెపాట రైళ్ళ రొదను మించి వినిపించినది; ఆ బాణీని తరువాత ఇంగ్లండు యువకులు నేర్చి లోకమంతట చాటిరి.

1950 లో ముప్పదియారు లక్షలున్న నగర జనాభా 2020 నాటికి ఇరువదియేడు లక్షలకు తగ్గినది. 1919 లో ఆ బాలుడు మునిగిన తీరము వెంబడి ఇప్పుడు పొడవైన సుందరమైన రహదారి కలదు. 2021 లో నగరసభవారు సుదీర్ఘమైన వాదోపవాదముల పిదప ఆ రహదారి పేరునకు ముందు జాఁ బాప్తీస్త్ దు సాబ్ల్ పేరును చేర్చిరి.