తెర మీది నాయిక కోసం కన్నీళ్లు ఎందుకు?

ఇంటర్మీడియట్ చదువుతున్న మా మేనల్లుడు వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చాడు. ఒక రాత్రి భోజనానికి పిలిస్తే రాలేదు. గదిలోకి వెళ్లి చూస్తే సెల్‌ఫోన్ పక్కన పడేసి, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఏమైందిరా అంటే చాలాసేపు పలకలేదు. చివరికి, “ఏరిత్ చనిపోయింది మామయ్యా” అన్నాడు.

స్నేహితులెవరికో ఏదో జరిగిందని కంగారుపడ్డాను. తీరా ఆరా తీస్తే ఏరిత్ మనిషి కాదు. ‘ఫైనల్ ఫ్యాంటసీ 7’ అనే జపాన్ వీడియో గేమ్‌లోని నాయిక. నవ్వు రాబోయింది కానీ ఆపుకున్నాను. ఎందుకంటే వాడు వెంటనే ఇంకో మాట అడిగాడు: “నేను ఎక్కడైనా తప్పు ఆడానంటావా? ఇంకోలా ఆడి ఉంటే బతికేదా?”

ఈ ప్రశ్న మామూలుది కాదు. నవలలో, సినిమాలో నాయిక మరణిస్తే మనమూ కంటతడి పెడతాం. కానీ అది మన తప్పేమోనని ఎవరూ అనుకోరు. దేవదాసు చనిపోతే ప్రేక్షకుడు బాధపడతాడే తప్ప తానే కారణమని కుమిలిపోడు. మరి ఆట ఆడినవాడికి ఆ అనుమానం ఎందుకు వచ్చింది? దీనికి జవాబు కావాలంటే రెండు చరిత్రలు తెలుసుకోవాలి. ఒకటి మన మనసుది, రెండోది పాత్రధారణ ఆటలది.

త్రిభుజానికి కోపం వచ్చిందట!

ముందుగా మనసు సంగతి చూద్దాం. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక ప్రయోగం ఫలితాలను ప్రకటించారు. వారు తయారుచేసిన చిన్న చలనచిత్రంలో మనుషులెవరూ లేరు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపులా తెరుచుకునే భాగం ఉన్న ఒక దీర్ఘచతురస్రం, అంతే. ఆ ఆకారాలు అటూ ఇటూ కదులుతుంటాయి. మొదటి బృందంలో 34 మందికి దీన్ని చూపి, ఏం చూశారో రాయమన్నారు. ఒక్కరు తప్ప అందరూ ఆ ఆకారాలను ప్రాణమున్నవిగానే వర్ణించారు. పెద్ద త్రిభుజం రౌడీ అన్నారు, చిన్న త్రిభుజం ధైర్యశాలి అన్నారు, వృత్తం భయపడి ఇంట్లో దాక్కుందన్నారు.

ముఖమే లేని గీతల్లోనే మనసు మనిషిని వెతుక్కుంటుంది. ఇది బలహీనత కాదు. ఎదుటివారి ఉద్దేశాన్ని కదలికలను బట్టి వెంటనే ఊహించగలగడం సమాజంలో బతికే జీవికి అత్యవసరం. ఆ శక్తికి అసలు మనిషి, గీసిన బొమ్మ అనే తేడా అంతగా పట్టదు.

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు మరో విషయం గమనించారు. రేడియోలో, టెలివిజన్‌లో రోజూ కనిపించి మాట్లాడే వ్యక్తులను ప్రేక్షకులు తమ ఇంటి మనిషిలా భావిస్తున్నారు. అవతలి వ్యక్తికి మాత్రం ఈ ప్రేక్షకుడెవరో తెలియదు. ఈ ఏకపక్ష చుట్టరికానికి వారు ‘పారాసోషల్’ సంబంధమని పేరు పెట్టారు. పేరు కొత్తదే కానీ అనుభవం పాతది. 1893లో ఆర్థర్ కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను కథలో చంపేసినప్పుడు పాఠకులు సహించలేదు. చివరికి 1903లో రచయిత ఆయన్ను బతికించి తీసుకురావలసి వచ్చింది.

అయితే హోమ్స్ పాఠకుడైనా, టెలివిజన్ ప్రేక్షకుడైనా కథకు బయట కూర్చున్నవాడే. అతణ్ని కథలోకి లాక్కొచ్చినవి పాత్రధారణ ఆటలు.

కాగితం, పెన్సిల్, పాచికలు

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ప్రచురించారు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. నలుగురైదుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరిస్తారు. ఒకరు కథ నడిపిస్తారు. బలం, తెలివి, చురుకుదనం వంటి గుణాలన్నీ కాగితం మీద అంకెలుగా ఉంటాయి. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. పోరాటంలో నెగ్గినకొద్దీ అనుభవం అంకెలుగా పెరిగి పాత్ర పై స్థాయికి ఎదుగుతుంది.

చదరంగంలో ‘నా గుర్రం పోయింది’ అంటాం. ఇక్కడ ‘నేను గాయపడ్డాను’ అంటారు. మాటలో వచ్చిన ఈ మార్పు చిన్నదే కానీ దాని ప్రభావం చాలా పెద్దది. పాత్రకు జరిగేదంతా ఆటగాడికే జరుగుతున్నట్టు అయింది.

అంకెలు ఎక్కడ ఉంటే కంప్యూటర్‌కు అక్కడ పని దొరుకుతుంది. కొద్దికాలంలోనే ఈ ఆటలు కంప్యూటర్లలోకి చేరాయి. 1981లో అమెరికాలో వచ్చిన ‘విజర్డ్రీ’, ‘అల్టిమా’ ఆటలను చూసి జపాన్ యువకులు కొందరు ముచ్చటపడ్డారు. వారిలో ఒకరు యూజి హోరి.

64 కిలోబైట్ల రాకుమారి

హోరి రూపొందించిన ‘డ్రాగన్ క్వెస్ట్’ 1986లో జపాన్‌లో విడుదలైంది. ఆట మొత్తం 64 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకు అంతకంటే ఎన్నో రెట్ల చోటు కావాలి. అంత ఇరుకులోనే ఒక రాకుమారి కూడా ఉంది. గుహలో బందీగా ఉన్న ఆమెను విడిపిస్తే, నాయకుడు ఆమెను చేతుల మీద ఎత్తుకుని కోటదాకా నడవాలి. తెర మీద ఆ బొమ్మ ఎత్తు కొన్ని చుక్కలే. తనంటే ఇష్టమేనా అని ఆమె అడిగితే, ‘కాదు’ అని జవాబిచ్చినా లాభం లేదు. ‘అవును’ అనేదాకా అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది. ఆటగాళ్లు నవ్వుకున్నారు. కానీ ఆ రాకుమారిని మరిచిపోలేదు.

ఈ నాయిక ఇంకా గెలుచుకునే బహుమానమే. ఆ మరుసటి ఏడాది, 1987లో, సెగా సంస్థ ‘ఫ్యాంటసీ స్టార్’తో దీన్ని మార్చింది. అందులో కథ నడిపేదే ఒక అమ్మాయి, పేరు ఆలిస్. చంపబడిన అన్న ఆశయం కోసం ఆమె కత్తి పడుతుంది. ఈ ఆటకు చిత్రాలు రూపొందించినవారిలో ప్రముఖురాలు రీకో కొదామా. వీడియో గేమ్ పరిశ్రమలో స్త్రీలు అరుదుగా కనిపించే రోజులవి. 2022లో మరణించేవరకు ఆమె ఆ రంగంలోనే పనిచేశారు.

1989లో వచ్చిన ‘ఫ్యాంటసీ స్టార్ 2’ ఇంకో అడుగు వేసింది. మొదటినుంచి నాయకుడి వెంట పోరాడిన నేయ్ అనే అమ్మాయి కథ మధ్యలో చనిపోతుంది. ఆటగాడు ఎంత నేర్పుగా ఆడినా ఆమెను వెనక్కి తేలేడు. ఎనిమిదేళ్ల తర్వాత ఏరిత్ విషయంలో ప్రపంచమంతా చవిచూసిన బాధకు బీజం ఇక్కడే పడింది.

పూలమ్మే అమ్మాయి

‘ఫైనల్ ఫ్యాంటసీ 7’ 1997 జనవరి 31న జపాన్‌లో, అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలో విడుదలైంది. ఆట మూడు కాంపాక్ట్ డిస్కులు నిండింది. కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. నిర్మాత హిరొనొబు సకాగుచి. 1990లో వచ్చిన ఈ వరుసలోని మూడో ఆట తయారవుతుండగా ఆయన తల్లి మరణించారు. అప్పటినుంచి ప్రాణం అంటే ఏమిటనే ఆలోచన తనను వదలలేదని ఆయన చెప్పారు. దర్శకుడు యొషినొరి కితాసె, పాత్రలకు రూపమిచ్చిన తెత్సుయా నొమురా కూడా ఆటల్లోని మరణాలు మరీ నాటకీయంగా ఉంటున్నాయని, అసలు జీవితంలో మరణం చెప్పకుండా వస్తుందని భావించారు.

ఏరిత్ మిడ్‌గార్ అనే నగరంలో పూలమ్ముకునే అమ్మాయి. పాడుబడ్డ చర్చిలో ఆమె పెంచుకున్న పూలమడి మీద నాయకుడు క్లౌడ్ పైనుంచి వచ్చి పడతాడు. తనకు అంగరక్షకుడిగా ఉండమని ఆమె అడుగుతుంది. అతను ఒప్పుకుంటాడు. అంటే ఆటగాడు ఒప్పుకున్నట్టే. మా మేనల్లుడి ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

మొదటి డిస్కు చివర్లో, ఎన్నో గంటల ఆట తర్వాత, ఏరిత్ ఒంటరిగా ప్రార్థన చేస్తుంటుంది. క్లౌడ్ ఆమె దగ్గరికి చేరతాడు. ఆ క్షణంలో అతని చేతులు ఆటగాడి మాట వినవు. కత్తి ఆమె వైపే లేస్తుంది. తోటివారి అరుపులతో అతను ఆగిపోతాడు. అంతలో శత్రువు సెఫిరోత్ పైనుంచి దిగి ఆమెను పొడిచేస్తాడు. వెంటనే ఒక యుద్ధం మొదలవుతుంది. మామూలుగా యుద్ధానికి వాడే హోరు సంగీతం అక్కడ వినిపించదు. స్వరకర్త నొబువో ఉయెమాత్సు ఏరిత్ కోసం కూర్చిన నెమ్మదైన బాణీయే చివరిదాకా సాగుతుంది.

ఈ ఆటలో దెబ్బ తిని పడిపోయినవారిని లేపడానికి ఫీనిక్స్ ఈక అనే వస్తువు ఉంది. ఆటగాడు దాన్ని అప్పటికే ఎన్నోసార్లు వాడి ఉంటాడు. ఏరిత్‌కు మాత్రం అది పనికిరాదు. ఆమెను బతికించే రహస్య మార్గం ఏదో ఉందన్న పుకార్లు ఏళ్ల తరబడి తిరిగాయి. అలాంటి మార్గం ఆటలో లేనే లేదు. ‘ఇంకోలా ఆడి ఉంటే?’ అని అడిగినవాడు మా మేనల్లుడు ఒక్కడే కాదన్నమాట.

సగం బొమ్మ, సగం మనం

ఇంతకీ ఆ ఏరిత్ తెర మీద ఎలా ఉండేది? కొన్ని రంగు పలకలు అతికించినట్టున్న బొమ్మ. చేతులకు వేళ్లు లేవు. గొంతు లేదు. మాటలన్నీ పెట్టెల్లో అక్షరాలుగా వస్తాయి. ఆ అక్షరాలకు గొంతు ఇచ్చింది, ఆ ముఖానికి కవళికలు దిద్దింది ఆటగాడి మనసే. హైడర్, సిమ్మెల్ చూపిన త్రిభుజాల సంగతి గుర్తుందా? చూపినది తక్కువైతే ఊహించేది ఎక్కువవుతుంది. అలా ఊహించుకున్న ఏరిత్ ఎవరికి వారికి వేరు.

రెండో కారణం పోషణ. ఆమె పేరును ఆటగాడు మార్చుకోవచ్చు. ఏ ఆయుధం ఇవ్వాలో, ఏ మంత్రం నేర్పాలో అతనే నిర్ణయిస్తాడు. ఆమె ప్రత్యేక విద్య గాయాలు మాన్పడం. ఓడిపోబోయే సమయాల్లో ఎన్నోసార్లు ఆమే జట్టును నిలబెట్టి ఉంటుంది. మనం కాపాడినవారి మీద, మనల్ని కాపాడినవారి మీద మమకారం పెరగడం సహజం. ఆటగాడు ఇచ్చిన జవాబులను బట్టి ఎవరితో ఎంత సాన్నిహిత్యం ఉందో ఆట లోలోపల లెక్క వేస్తుంది కూడా. ఆ లెక్క తెర మీద కనిపించదు.

సొంతమైన దానికి మనం ఎక్కువ విలువ కడతామని చూపిన ప్రయోగాలున్నాయి. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ ప్రకటించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చారు. కప్పు చేతికొచ్చినవారు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివారు కొనడానికి ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు ఉంది. కాసేపు చేతిలో ఉన్న కప్పు సంగతే ఇలా ఉంటే, ఇరవై, ముప్ఫై గంటలు వెంట నడిచిన పాత్ర సంగతి చెప్పాలా?

మూడో కారణమే అన్నిటికంటే ముఖ్యం. ఆటలో ప్రతి అడుగూ ఆటగాడు బటన్ నొక్కితేనే పడుతుంది. కాబట్టి జరిగిన ప్రతిదానిలో తన చెయ్యి ఉందని మనసు నమ్ముతుంది. కథ మలుపును రచయితే ముందుగా నిర్ణయించినా ఆ నమ్మకం పోదు. ప్రేక్షకుడికి దుఃఖం మాత్రమే ఉంటుంది. ఆటగాడికి దుఃఖంతోపాటు బాధ్యత కూడా ఉంటుంది.

మమకారానికి ధర కట్టినప్పుడు

ఈ రహస్యం మనస్తత్వ శాస్త్రవేత్తలకే కాదు, వ్యాపారులకూ తెలుసు. ఏరిత్ కథను కొత్తగా నిర్మించి 2020లో ఒక భాగం, 2024లో ఇంకో భాగం విడుదల చేశారు. ఇప్పుడు ఆమెకు వేళ్లున్నాయి, గొంతుంది. ఇందులో మోసమేమీ లేదు. నచ్చిన కథను మళ్లీ కొనుక్కున్నారు.

కానీ సెల్‌ఫోన్ ఆటల్లో ‘గాచా’ అనే పద్ధతి వేరు. నాణెం వేస్తే ఏ బొమ్మ వస్తుందో తెలియని జపాన్ యంత్రాల పేరు అది. ఈ ఆటల్లో ఇష్టమైన నాయిక కావాలంటే డబ్బు పెట్టి లాటరీ తీసినట్టు తీయాలి. రాకపోతే మళ్లీ తీయాలి. కొన్ని బొమ్మలు మొత్తం జత కుదిరితేనే అరుదైనది ఇస్తామనే రకాన్ని 2012లో జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ చట్టవిరుద్ధమని తేల్చింది. ఇలాంటి అదృష్టపు పెట్టెలు కొన్ని జూదమేనని 2018లో బెల్జియం ప్రకటించింది. ఏరిత్ మీద ప్రేమ పుట్టించినదీ, ఈ లాటరీ తీయించేదీ మన మనసులోని ఒకే గుణం. మొదటిది కథ చెప్పడానికి దాన్ని వాడుకుంది. రెండోది జేబు ఖాళీ చేయడానికి వాడుకుంటోంది. ఈ తేడా గుర్తించడం ప్రతి విద్యార్థికీ అవసరం. ఒక పాత్ర మీద ఇష్టం కలిగితే సిగ్గుపడనక్కర్లేదు. ఆ ఇష్టాన్ని చూపించి ఎవరైనా మీ చేత ఏం చేయించబోతున్నారో మాత్రం ఒక్కసారి ఆలోచించాలి.

ఆ రాత్రి మేనల్లుడికి ఇదంతా చెప్పలేదు. నువ్వే తప్పూ ఆడలేదురా, ఆ కథ రాసినవాళ్లే అలా రాశారు అన్నాను. అన్నం తిన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆట పూర్తి చేసేశాడు కూడా. కానీ ఏరిత్ బతికున్నప్పటి సేవ్ ఫైల్ ఒకటి ఇంకా వాడి ఫోన్‌లో ఉంది. చోటు చాలడం లేదని ఏవేవో తీసేశాడు, దాన్ని మాత్రం చెరపలేదు. ఎందుకని నేనూ అడగలేదు.