నాలుగు రెక్కల ఎక్స్-వింగ్: ఐదు దశాబ్దాల సింహావలోకనం

అంతరిక్షంలో గాలి ఉండదు. గాలి లేని చోట విమానానికి రెక్కలతో పనే లేదు. ఉన్న రెక్కలు ముడుచుకోవడం, విచ్చుకోవడం అంతకంటే అనవసరం. బడి పిల్లలకూ తెలిసిన సంగతే ఇది. అయినా 1977 మే 25న అమెరికాలో విడుదలైన ‘స్టార్ వార్స్’లో ఎక్స్-వింగ్ యుద్ధ విమానాలు బారులు తీరి, ఒక్కసారిగా నాలుగేసి రెక్కలు విప్పుకున్నప్పుడు థియేటర్లో ఎవరూ లెక్క అడగలేదు. ఆ తర్వాత సినిమా తీసే పద్ధతులు మారాయి, ప్రేక్షకుల తరాలు మారాయి. ఆ విమానం రూపం మాత్రం దాదాపు అలాగే నిలిచింది. వెనక్కి తిరిగి చూస్తే అందుకు ఊహాశక్తి ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. చేతిలో ఉన్న సరుకుతో, డబ్బుతో, కెమెరాతో సర్దుకోవలసి రావడం దాని రూపురేఖలను చాలావరకు నిర్ణయించింది.

తొలి రూపకర్త కొలిన్ కాంట్‌వెల్. అంతకుముందు స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి పనిచేసినవారు. ఇంగ్లండ్ పబ్బుల్లో గోడ మీది బల్లకేసి విసిరే డార్ట్ నుంచి ఎక్స్-వింగ్ పుట్టిందని ఆయనే చెప్పారు. పొడుగాటి ముక్కు, వెనక ఈకల్లాంటి రెక్కలు చూస్తే ఆ పోలిక ఇట్టే తెలుస్తుంది. రెక్కలు విచ్చుకోవడం వెనక మరో ఊహ ఉంది: కౌబాయ్ సినిమాల్లో పోరుకు దిగినవాడు నడుము దగ్గరి తుపాకులు సర్రున దూయడం. ముడిచి ఉన్నంతసేపూ ప్రయాణం, విప్పితే యుద్ధం. సంభాషణ ఏమీ లేకపోయినా ప్రేక్షకుడికి అర్థమవుతుంది. ఆ నమూనాను జో జాన్‌స్టన్ సానబట్టి తెర మీది రూపానికి తెచ్చారు.

కథలో ఇది ఇన్‌కామ్ సంస్థ తయారుచేసిన టీ-65. రెక్కల చివర నాలుగు లేజర్ ఫిరంగులు, లోపల ప్రోటాన్ టార్పెడోలు, పైలట్ వెనక గుంటలో ఒక రోబో. కథలో శత్రువైన సామ్రాజ్యం మందలుగా పంపే టై ఫైటర్ విమానానికి రక్షణ కవచమూ లేదు, నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకే ఇంజినూ లేదు. తిరుగుబాటుదారుల ఎక్స్-వింగ్‌కు ఈ రెండూ ఉన్నాయి. సామ్రాజ్యానికి పైలట్ ప్రాణం ఒక ఖర్చు పద్దు. గుప్పెడు మందితో పోరాడుతున్న తిరుగుబాటుదారులకు ప్రతి మనిషీ తిరిగి రావాలి.

తెర వెనక కథ ఇంకా రంజుగా ఉంటుంది. దర్శకుడు జార్జ్ లూకాస్ 1975లో లాస్ ఏంజెలెస్ శివారు వాన్ నైస్‌లో ‘ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్’ను నెలకొల్పి కుర్రకారును పోగుచేశారు. వాళ్లు బజారులో దొరికే ట్యాంకుల, విమానాల ప్లాస్టిక్ కిట్లు కొనుక్కొచ్చి, విడి భాగాలను ఎక్స్-వింగ్ ఒళ్లంతా అతికించారు. ఆపైన మసి పూశారు, గీతలు పెట్టారు. కొత్త బొమ్మకు ఎన్నో యుద్ధాలు చూసిన పాతదనం వచ్చింది. ఆ సంస్థలోని జాన్ డైక్‌స్ట్రా బృందం తయారుచేసిన కెమెరా ఒకే కదలికను ఎన్నిసార్లయినా తేడా లేకుండా చేయగలిగేది. బొమ్మ నిలబడే ఉంటుంది, కెమెరా దూసుకెళుతుంది. తెర మీద మాత్రం విమానమే ఎగురుతుంది.

సినిమాలో ఎక్స్-వింగ్‌లు నడిపే దళం పేరు వెనకా ఒక ఇబ్బంది ఉంది. మొదట అనుకున్నది బ్లూ స్క్వాడ్రన్. కానీ బొమ్మలను చిత్రీకరించేది నీలి తెర ముందు. తెరతో పాటు బొమ్మ మీది నీలి పట్టీలూ మాయమయ్యే ప్రమాదం వచ్చింది. దాంతో పట్టీలకు ఎర్ర రంగు పడింది, కథానాయకుడు లూక్ స్కైవాకర్ ‘రెడ్ ఫైవ్’ అయ్యాడు. సామ్రాజ్యపు గోళాకార యుద్ధ కేంద్రం డెత్ స్టార్ మీద ఎక్స్-వింగ్‌లు దూరిపోయే కందకానిదీ ఇదే తంతు. ఆ గోళం బొమ్మను రెండు ముక్కలుగా పోతపోస్తే అతుకు దగ్గర కుంచించుకుపోయిందనీ, దాన్ని పూడ్చే బదులు అక్కడ కందకం పెడదామని తానే లూకాస్‌కు చెప్పాననీ కాంట్‌వెల్ తర్వాత గుర్తుచేసుకున్నారు. ఇక పోరాట దృశ్యాల వరుస కుదరడానికి లూకాస్ రెండో ప్రపంచ యుద్ధపు విమాన పోరాటాల ఫిల్ము ముక్కలు కూర్చి ఇచ్చారు. శూన్యంలో తిరిగే ఎక్స్-వింగ్‌లు గాలిలో ఎగిరే విమానాల్లా ఒరిగి మలుపు తిరగడం అక్కడి నుంచి వచ్చిందే.

1980 నాటి రెండో సినిమా ఎక్స్-వింగ్‌ను బురదలో ముంచింది. దాన్ని పైకి లేపలేక లూక్ చేతులెత్తేసిన చోట, అతని మూరెడు గురువు యోడా మనసుతోనే లేపి ఒడ్డున పెడతాడు. 1983 నాటి మూడో సినిమాలో ఏ-వింగ్, బీ-వింగ్ విమానాలు వచ్చి చేరినా పెద్దరికం దీనిదే.

సినిమాలు ఆగిన కాలంలో ఎక్స్-వింగ్‌ను ఆటలూ నవలలూ బతికించాయి. 1993లో లారెన్స్ హాలండ్ రూపొందించిన ‘ఎక్స్-వింగ్’ కంప్యూటర్ గేమ్, 1996లో మొదలైన మైకేల్ స్టాక్‌పోల్ నవలలు సామాన్య పైలట్లను ముందుకు తెచ్చాయి. 1998 నాటి ‘రోగ్ స్క్వాడ్రన్’ ఆటలో రెక్కలు ముడిస్తే వేగం పెరుగుతుంది, తుపాకులు మాత్రం పేలవు. సినిమాలో సైగగా మిగిలిన మడత ఇక్కడ ఆటగాడు తేల్చుకోవలసిన బేరం అయింది. 2013లో లెగో సంస్థ 50 లక్షలకు పైగా ఇటుకలతో నిలువెత్తు ఎక్స్-వింగ్‌ను న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలబెట్టింది.

కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక ఇబ్బందులన్నీ తొలగిపోయాయి. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత వచ్చినవాళ్లు పాత దారినే వెతుక్కున్నారు. 2005లో ఏఆర్‌సీ-170 పేరుతో దీనికి ముగ్గురు కూర్చునే పూర్వరూపం కల్పించారు. 2015 సినిమాలోని టీ-70కి తొలి సినిమాకు ఊహాచిత్రాలు గీసిన రాల్ఫ్ మెక్వారీ పాత బొమ్మల్లో ఉన్న అర్ధచంద్రాకారపు ఇంజిన్లు అమర్చారు. రెక్కలు మూస్తే రెండు సగాలూ కలిసి ఒకటవుతాయి. 2016లో వచ్చిన ‘రోగ్ వన్’ 1977లో వాడకుండా వదిలేసిన పైలట్ల ఫుటేజీని బయటికి తీసింది. నలభై ఏళ్ల కిందట నీలి తెర మింగేసిన బ్లూ స్క్వాడ్రన్‌నూ ఆ సినిమాయే తెర మీదికి తెచ్చింది.

2019 సినిమాకు వాడిన నిలువెత్తు టీ-70, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ విమాన, అంతరిక్ష మ్యూజియంలో ప్రదర్శనకు చోటు సంపాదించింది. నిజంగా ఎగిరిన యంత్రాలు కొలువుదీరిన చోటు అది. చాలా ఏళ్లు ఆచూకీ తెలియని ‘రెడ్ లీడర్’ ఎక్స్-వింగ్ బొమ్మ, కన్నుమూసిన బొమ్మల శిల్పి గ్రెగ్ జీన్ సేకరణలో బయటపడి, 2023 అక్టోబరు వేలంలో 31 లక్షల డాలర్లకు పైగా పలికింది. కిట్ల ముక్కలు, జిగురు, రంగు కలిపి లెక్కేస్తే అందులోని సరుకు విలువ నామమాత్రం. మిగతాదంతా పనితనానికి కట్టిన ధర. రెక్కల అవసరం గురించి భౌతికశాస్త్రం అడిగే ప్రశ్నకు ఎక్స్-వింగ్ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కథకు కావలసిన జవాబు మాత్రం ఆ రెక్కలు విప్పిన ప్రతిసారీ ఇస్తూనే ఉంది. అందుకే కొత్త విమానాలు ఎన్ని వచ్చినా దీన్ని పక్కకు తప్పించలేకపోయాయి.