గోడకి కన్నం

పక్క సీట్లోవాడితో కూడా మెయిల్లోనే మాట్లాడేవాళ్ళు మనలో బోలెడుమంది. నరాల కణాలదీ ఇదే తంతు అని శాస్త్రవేత్తలు ఒకప్పుడు తీర్మానించేశారు. ఒక కణం రసాయనం వదులుతుంది, పక్కది అందుకుంటుంది, అంతే. గోడకి కన్నాలు కూడా ఉన్నాయని తర్వాత బయటపడింది. అవే గ్యాప్ జంక్షన్లు.

1906లో గాల్జీ, కహాల్ ఒకే నోబెల్ పంచుకున్నారు. నరాలన్నీ తెగని అల్లిక అని గాల్జీ, కాదు ఏ కణానికాకణం వేరని కహాల్! కహాల్ నెగ్గాడు. మరి విడివిడి కణాలు మాట్లాడుకునేది ఎలా? 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెని నెమ్మదింపజేసి, దాన్ని ముంచిన ద్రవాన్ని ఇంకో గుండెకి తగిలిస్తే అదీ నెమ్మదించింది. అంటే రసాయనం. జాన్ ఎకిల్స్ మాత్రం వెన్నుపాములో కరెంటే అని ఏళ్ళ తరబడి పోట్లాడాడు. 1951లో సొంత ప్రయోగమే ఎదురు తిరిగేసరికి నిక్షేపంగా పార్టీ మార్చేశాడు. (డిజైన్ రివ్యూల్లో ఇలాంటి మనిషి నాకింకా తగల్లేదు.)

అసలు తమాషా తర్వాతే. 1957లో లండన్‌లో ఫర్ష్‌పాన్, పాటర్ అనే ఇద్దరు, క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవి నరాల్లో కరెంటు నేరుగా పక్క కణంలోకి పోతోందని చూపించారు. అదీ డయోడ్‌లా ఒకవైపే! శత్రువు మీదపడితే తోక విదిల్చి పారిపోయే నరం అది, రసాయనం కోసం ఆగితే ఎలా? నా మటుకు, ఇదా అదా అని కొట్టుకోవడమే దండగ. శరీరం రెండూ ఉంచుకుంది.

నరాలే కాదు. 1964లో కన్నో, లోవెన్‌స్టైన్ ఈగ లాలాజల గ్రంథి కణంలోకి రంగు ఎక్కిస్తే పక్క కణాల్లోకీ పాకింది. 1967లో రెవెల్, కార్నోవ్‌స్కీ లాంథనం పట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, అతుక్కుపోయాయనుకున్న పొరల మధ్య 2 నానోమీటర్ల సందు కనిపించింది. పేరు ఆ సందుదే, పని మాత్రం దాన్ని దాటే గొట్టాలది. కనెక్సిన్ ప్రోటీన్లు ఆరు కలిస్తే సగం గొట్టం, మిగతా సగం పక్కింటివాళ్ళు పెట్టాలి. సుమారు 1,000 డాల్టన్ల లోపు సరుకే దాటుతుంది. కణం దెబ్బతిని కాల్షియం ముంచెత్తితే గొట్టం మూసుకుపోతుంది. గుండె కణాలన్నీ ఒక్కసారే కొట్టుకునేది వీటివల్లే.

1997లో కనెక్సిన్ 26 జన్యువు పాడైతే పుట్టు చెవుడు వస్తుందని తేలింది. సాధారణంగా తల్లిదండ్రులిద్దరికీ చక్కగా వినపడుతుంది, ఇద్దరి నుంచీ పాడైన కాపీ వస్తేనే బిడ్డకి వినపడదు. మేనరికాల్లో ఇద్దరి దగ్గరా అదే కాపీ ఉండే అవకాశం ఎక్కువ.