ముందుగా మాట్లాడేవాని పందెం

పోకరు అనే పేకాట కేవలం అదృష్టం మీద నడిచే జూదమని సామాన్యంగా అనుకుంటారు. కాని ఎదుటివాని ముక్కలు కనబడనందువల్ల, చదరంగంలో లేని చిక్కు ఒకటి ఇందులో కలదు. గణితజ్ఞులను ఆకర్షించినది ఆ చిక్కే.

హోల్డెమ్ అనే పద్ధతిలో ఒక్కొక్కనికి 2 ముక్కలు పంచి, 5 ముక్కలు అందరికీ ఉమ్మడిగా బల్లమీద పరుస్తారు. అయిదవ ముక్కకు ‘రివర్’ అని పేరు. అది తెరచిన తరువాత మిగిలేది ఒక్క దఫా పందెమే. అప్పుడు ముందుగా మాట్లాడవలసినవానిది నష్టపు స్థానం: తన ఉద్దేశం ఎదుటివానికి తెలిసిపోతుంది, ఎదుటివానిది తనకు తెలియదు. కిందటి దఫాలో ఎదుటివాని పందానికి సరిపెట్టి ఊరుకున్నవాడు, ఈ దఫాలో తానే ముందుగా పందెం వేస్తే అనుభవజ్ఞులు నవ్వేవారు. గాడిద అనే ఆంగ్లపదాన్ని కుదించి దానికి ‘డాంక్’ పందెమని పేరు పెట్టారు. ఊరుకొని ఎదుటివానిచేత పందెం వేయించడమే తెలివి అని వారి సూత్రం.

ఈ సూత్రం నిజమేనా? వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ 1944లో ప్రకటించిన గ్రంథంలో, చెడ్డ ముక్కతో అప్పుడప్పుడు దబాయించడం మంచి ఆటలో భాగమేనని తేలింది. 1950లో హెరాల్డ్ కూన్ ఆటను మరీ చిన్నది చేశాడు. రాజు, రాణి, జాకీ – మూడే ముక్కలు, ఇద్దరే ఆటగాళ్లు. చెరొక నాణెం ముందుగా బల్లమీద పెట్టి, చెరొక ముక్క తీసుకుంటారు. ఆపైన పందెం మరొక నాణెం. ఇది రివర్ దఫాకు నమూనా వంటిదే.

మొదటివాడు రాణితో పందెం వేయరాదు. జాకీతో దబాయించవచ్చు గాని మూడింట ఒక వంతు సార్లకు మించరాదు. జాకీతో ఎన్నిసార్లు వేస్తే రాజుతో దానికి మూడు రెట్లు వేయాలి. కారణం సులభమే. రాణి పట్టిన ఎదుటివాడు 1 నాణెం చెల్లిస్తే 3 నాణాలు రావచ్చు. నాలుగింట ఒకటి దబాయింపైతే, చెల్లించినా మానినా వానికి ఫలితం ఒక్కటే.

విశేషమేమంటే, మొదటివాడు ఈ పాళ్లు తప్పకుండా పందెం వేసినా, అసలే వేయక ఊరుకొని తరువాత సరిగా ఆడినా, నేర్పరియైన ప్రత్యర్థికి సగటున ఆటకు 1/18 నాణెం నష్టపోతాడు. అనగా ఆ లోటు స్థానానిది, పందానిది కాదు.

నిజమైన ఆటలో ఇంకొక సంగతి ఉన్నది. అయిదవ ముక్క మొదటివాని చేతిలో ఉండదగిన ముక్కలకే ఎక్కువగా కలిసివస్తే, రెండవవాడు జంకి పందెం వేయడు. అప్పుడు ఊరుకున్నవానికి రావలసిన లాభం రాకుండా పోతుంది.

2019లో బ్రౌన్, శాండ్‌హోమ్ ‘ప్లూరిబస్’ అనే కార్యక్రమాన్ని వర్ణించారు. మనుష్యుల ఆటలను చూడకుండా, తనతో తానే ఆడుకొని నేర్చుకున్న యంత్రం అది. అయిదుగురు వృత్తి ఆటగాళ్లతో కూర్చొని 12 రోజులలో 10,000 ఆటలు ఆడి, లాభంతో లేచింది. ఆరంభంలో కనీసపు పందానికి సరిపెట్టి ఆటలో చేరడం చాలామందికి మంచిది కాదన్న పెద్దల మాటను అది సమర్థించింది. డాంక్ పందాన్ని మాత్రం, రివర్‌లోనే అని కాక మొత్తంమీద, ఆ వృత్తి ఆటగాళ్లకంటె చాలా తరచుగా వేసింది.