స్నానాల గది నుండి ప్లగిన్ దాకా

కళ్ళు మూసుకుని విన్నా సరే, ఒక పాట గుడి మంటపంలో పాడినదో, పొలం గట్టున పాడినదో చెప్పగలం. గోడల నుండి తిరిగివచ్చే ధ్వనియే ఆ ఆనవాలు. స్టూడియోలో ఆ గోడలకు మెత్తలు తాపడం చేసి నోరు నొక్కేస్తారు. అలా పోగొట్టిన గదిని మళ్ళీ తెచ్చిపెట్టే విచిత్రమైన పని శబ్దగ్రాహకుల నెత్తిన పడింది.

1947లో చికాగోలో బిల్ పుట్నమ్ తన స్టూడియో స్నానాల గదినే ప్రతిధ్వని గదిగా వాడుకున్నాడు. అక్కడొక స్పీకరు, ఒక మైకు. హార్మోనికాట్స్ బృందపు వాద్యానికి కావలసిన గాంభీర్యం సిద్ధించింది. 1957లో జర్మనీకి చెందిన ఈఎంటీ సంస్థ గదికి బదులు పెద్ద ఉక్కు రేకును చట్రంలో వేలాడదీసింది. దాని బరువు దాదాపు 270 కిలోలు! 1960ల ఆరంభంలో బెల్ ప్రయోగశాలలో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఆ రేకునూ వదిలేసి ప్రతిధ్వనిని గణితంలోకి దింపాడు. ధ్వనిని స్వల్ప వ్యవధుల ఆలస్యంతో మళ్ళీ మళ్ళీ తనలో కలుపుకుంటూ పోతే చెవి దానిని గదిగా భ్రమిస్తుంది. 2000లో ఉచితంగా వెలువడిన ఫ్రీవర్బ్ అనే చిన్న ప్రోగ్రాము ఆ బాటలోనిదే: ఒక్కొక్క వైపు ఎనిమిది దువ్వెన వడపోతలు, నాలుగు సర్వగమన వడపోతలు. (ఈ అనువాదాలు నావే, మెరుగైనవి ఉంటే చెప్పండి.)

అయితే అసలు మలుపు 1996. హాంబర్గుకు చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ తన క్యూబేస్ మిక్సరులో ప్రభావాలను ప్లగిన్లుగా అమర్చి, వాటిని ఇతరులు కూడా తయారుచేసుకునేలా ఆ పద్ధతిని బయటపెట్టింది. గాయకుడికీ, కోరస్‌కూ చెరొక ప్రతిధ్వని ఇన్సర్ట్ చేస్తే ఎవరి గదిలో వారు పాడినట్లుంటుంది. ఇద్దరినీ సెండ్ ద్వారా ఒకే ప్లగిన్‌కు పంపితే ఒకే మంటపంలో నిలబడతారు. ఇంతకంటె ముఖ్యమైన గుణం మరొకటుంది. ఇక్కడ ప్రభావం పాట మోగుతున్నప్పుడే పనిచేస్తుంది, మూలధ్వనిని ముట్టుకోదు. నచ్చకపోతే ప్లగిన్ తీసేయవచ్చు.

ఈ చివరి మాట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది.

2007లో బుచ్చయ్యపేటలో (అప్పటికది విశాఖ జిల్లా, అనకాపల్లి జిల్లా 2022లో ఏర్పడింది) ఒక వృద్ధురాలు చెప్పిన జముకుల కథను ముద్రించుకున్నాను. జముకు అంటే తోలు బిగించిన గుల్ల. తోలు నడుమ నుండి వచ్చే తీగను లాగిపట్టి మీటుతారు, బిగువు మారితే స్థాయి మారుతుంది. ఉత్తరాంధ్ర చెవికి ఆ ఝుంకారం ఎరుకే. కంప్యూటరుకు ఎరుక కాదు.

వెనుక వినిపిస్తున్న పంపుసెట్టు రొదను తొలగిద్దామనుకున్నాను. రొద తొలగింపుకు ముందుగా ఒక నమూనా చూపాలి: ఎవరూ పాడని ఒక క్షణం. ఆవిడ గుక్క తిప్పుకున్నచోటును ఎంచాను. కాని అక్కడ ఆవిడ కొడుకు జముకు మీటుతూనే ఉన్నాడు. నమూనాలో ఏ ఏ పౌనఃపున్యాలు ఎంత బలంగా ఉన్నాయో లెక్కకట్టి, ఆ యంత్రం వాటిని కథ పొడుగునా నిష్పక్షపాతంగా తీసివేసింది. పంపుసెట్టు పోయింది, జముకూ పోయింది. గొంతు నీటి అడుగున బుడగల మధ్య నుండి వస్తున్నట్లయింది. అది ప్లగిన్ కాదు, ధ్వనినే తిరగరాసే పద్ధతి. నేనేమో వినకుండానే పాత ఫైలుపైనే భద్రపరచాను.

మళ్ళీ వెళ్ళి చెప్పించుకుందామని రెండేళ్ళు వాయిదా వేశాను. వెళ్ళేసరికి ఆవిడ లేరు. కొడుకు జముకు తెచ్చి చూపించాడు, కథ మాత్రం అమ్మకే వచ్చునన్నాడు.

ఆ ఫైలు ఇంకా నా దగ్గరుంది. ఏ ప్లగిన్ తగిలించినా పోయిన ఝుంకారం తిరిగిరాదు, ప్రయత్నించి చూశాను. కథ నడుమ ఒకచోట ఆవిడ దగ్గి, "కాసేపాగండి బాబూ" అంటారు. ఆ ఒక్క మాట మాత్రం తేటగా వినిపిస్తుంది.