విజయతైలం, మోకాలినొప్పి: ‘ప్రాచీన ఔషధం’ అనే మాటకు చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

సాగర్ రహదారిమీది తుర్కయంజాల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వరకు, గోడ పట్టుకొని మెట్లు దిగే పెద్దలు లేని ఇల్లు అరుదు. మా ఇల్లూ అందుకు మినహాయింపు కాదు. బంధువులు తెచ్చిచ్చిన విజయతైలం సీసాను చూపి మా అమ్మ, “ఇది గంజాయేనంట గద బిడ్డా, రాసుకోవచ్చా?” అని అడిగింది. సీసామీద ‘ప్రాచీన ఔషధం’ అని ఉంది. ఆ విశేషణం చరిత్రకు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

వైద్యగ్రంథాలలో రెండు మార్గాలు:

కీళ్ళనొప్పికి నూనె వాడటం నిజంగానే ప్రాచీనం. చరకసంహిత సంధిగతవాతాన్ని వాతవ్యాధులలో వర్ణించింది. సుశ్రుతసంహిత స్నాయువులను, సంధులను, అస్థులను పట్టిన వాతానికి స్నేహం, ఉపనాహం, అగ్నికర్మ, బంధనం, మర్దనం చెప్పింది. అయితే ఈ రెండు సంహితలలోనూ గంజాయి ఔషధంగా స్పష్టంగా కనిపించదు. ‘భంగ’, ‘విజయ’ అనే పేర్లతో ఆ మొక్క వైద్యగ్రంథాలలో స్థిరపడింది మధ్యయుగంలోనే. శార్ఙ్గధరుడు దానిని నల్లమందుతోపాటు ‘వ్యవాయి’ ద్రవ్యానికి, అంటే జీర్ణం కాకముందే దేహమంతటా వ్యాపించే ద్రవ్యానికి, ఉదాహరణగా చూపాడు. 16వ శతాబ్దపు భావప్రకాశం దాని గుణాలను చెబుతూ జఠరాగ్నిని పెంచడం, మలాన్ని బంధించడం, మోహాన్ని కలిగించడం పేర్కొంది. ఇవి ప్రధానంగా లోపలికి పుచ్చుకొనే మందు లక్షణాలు. ఈ వర్ణనలో కీలుమీద రాసే తైలం ప్రస్తావన లేదు.

వలసపాలనాకాలం:

1839లో కలకత్తాలో విలియం బ్రూక్ ఓషానెసీ గంజాయిపై తన పరిశోధనను ప్రకటించాడు. అతడు చికిత్స చేసిన వారిలో కీళ్ళవాతరోగులున్నారు. వారికి కూడా సారాన్ని నోటిద్వారానే ఇచ్చాడు. 1893-94లో పనిచేసిన భారత గంజాయి మాదకద్రవ్యాల కమిషన్, మద్రాసు రాజధానిలోని ముఖ్యమైన సాగుప్రాంతాలలో నాటి కృష్ణా జిల్లాలోని దగ్గుబాడును పేర్కొన్నది. తెలుగునేలకు గంజాయి అప్పుడు సాగులో ఉన్న పంట. మితమైన వాడకం సాధారణంగా హాని చేయదనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ కమిషన్ అభిప్రాయపడింది. ఆకును నూరి మొలలపై కట్టే అలవాటు దేశంలో ఉండేది. పైపూత వాడకానికి అది దగ్గరి పూర్వరూపమే కాని, మోకాలి తైలం కాదు.

చట్టం, నేటి ఆధారాలు:

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ‘గంజాయి’ని పూత, కాయ ఉన్న కొనలుగా నిర్వచించి, కొనలతో కలవని ఆకులను, గింజలను మినహాయించింది. ఆకుతో చేసే ఆయుర్వేద యోగాలకు చోటు దొరికింది ఈ మినహాయింపులోనే. మన్యంలో పట్టుబడిన లారీల వార్తలకే అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఈ భేదం తెలియదు. అందుకే అమ్మ ప్రశ్నలో అంత బెరుకు.

ఫలితం సంగతి వేరు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో చర్మంపై పూసిన కాన్నాబిడయోల్ ఎలుకలలో కీళ్ళవాపును తగ్గించింది. మోకాళ్ళు అరిగిన మనుషులపై జరిగి, 2018లో ప్రకటితమైన పరీక్షలో మాత్రం కృత్రిమ కాన్నాబిడయోల్ జెల్, ప్రధాన కొలమానంలో, మందులేని జెల్‌కన్నా స్పష్టంగా మెరుగని తేలలేదు. ఆ జెల్, ఈ తైలం ఒకటి కావు. కనుక ఆ ఫలితాన్ని తైలానికి యథాతథంగా అన్వయించలేము. తైలానికి అనుకూలమైన సాక్ష్యంగానూ చూపలేము.

ముగింపు:

తైలమర్దనం పాతది, విజయ పాతది. మోకాలి కోసం ఈ రెంటినీ ఒకే సీసాలో కలపడం ఇటీవలిది. కొత్తదనం దోషం కాదు. కాని దానికి ప్రాచీనతను ఆపాదిస్తే, నొప్పితో ఉన్న మనిషి ఆధారం అడగడం మానేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ పక్కన గడ్డిఅన్నారంలోనే జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది. ఇలాంటి విశేషణాలను తాళపత్రాలతో, ముద్రితగ్రంథాలతో సరిచూసే పని తెలుగు పరిశోధకులకు దూరమైనది కాదు.

అమ్మకు నేను చెప్పిన జవాబు చిన్నది: “నువ్వులనూనె మర్దన మన పెద్దలది. ఇది కొత్త మందు, డాక్టరును అడిగి వాడుదాం.”